మూలన పెట్టిన ఇంజన్, ట్యాంకులో మిగిలిన పెట్రోలు

(చిత్తూరులో రైతులు, చిన్న ఇంజన్ల మెకానిక్‌లు కలిసి కూర్చున్న ఒక సభలో చేసిన ప్రసంగం. మాట్లాడినది మాట్లాడినట్టే రాసి, అక్కడక్కడా సవరించినది.)

అందరికీ నమస్కారం. వెనకాల కూర్చున్నవాళ్లకు వినపడుతోందా? సరే. మీలో సగం మంది షాపు మూసుకుని వచ్చారు, మిగతావాళ్లు తోటలో పని వదిలేసి వచ్చారు, కాబట్టి నేరుగా విషయంలోకి వస్తా.

ఈ మధ్య తిరుపతిలో గానీ, ఇక్కడ చిత్తూరులో గానీ ఏ మెకానిక్ షాపు ముందు నిలబడినా ఒకటే మాట. "ఇథనాల్ పెట్రోలు వచ్చినకాడి నుంచి బండ్లు నాశనం అయిపోతున్నాయి సార్" అని. ఇథనాల్ అంటే బంకు పెట్రోల్లో కలుపుతున్న ఆల్కహాలు. ఫోన్ తెరిస్తే ఒకాయన ఇంజన్ ఆరు నెలల్లో షెడ్డుకు పోతుందంటాడు, ఇంకొకాయన అసలేమీ కాదు, అంతా పుకారు అంటాడు. ఇద్దరి మాటా పూర్తిగా నిజం కాదు. రోజూ తిరిగే బండిని ఈ పెట్రోలు పెద్దగా ఏమీ చెయ్యదు, కాస్త మైలేజ్ తగ్గిస్తుంది, పాత రబ్బర్లు ఉంటే వాటి పని పడుతుంది, అంతే. కానీ మందు కొట్టే పంపు, గడ్డి కోసే మిషను, చెట్లు కోసే రంపం, కరెంటు పోయినప్పుడు మాత్రమే గుర్తొచ్చే చిన్న జనరేటరు, ఇవి ఏడాదిలో కొద్ది రోజులు పనిచేసి మిగతా రోజులంతా మూలన పడి ఉంటాయి చూడండి, వాటి ట్యాంకులో, పెట్రోల్నీ గాలినీ కలిపి ఇంజన్‌కు పంపే కార్బొరేటర్‌లో మిగిలిపోయిన పెట్రోలే అసలు ముప్పు. ఈరోజు నేను చెప్పేదంతా దాని గురించే.

ముందే ఒక మాట. డీజిల్ ఇంజన్లున్నవాళ్లు, అంటే ట్రాక్టరు, పవర్ టిల్లరు, డీజిల్ పంపుసెట్టు ఉన్నవాళ్లు టెన్షన్ పడక్కర్లేదు. బంకులో ఇథనాల్ కలుస్తున్నది పెట్రోల్లోనే.

పెట్రోల్లో ఇథనాల్ కలపడం ఉన్నట్టుండి వచ్చిపడింది కాదు. 2003 జనవరిలోనే 9 రాష్ట్రాల్లో 5 శాతంతో మొదలుపెట్టారు, అందులో మన రాష్ట్రమూ ఉంది. చాలా ఏళ్లు నత్తనడకే. తర్వాత 2018లో జీవ ఇంధనాల జాతీయ విధానం వచ్చింది, 20 శాతానికి 2030 అని గడువు పెట్టుకున్నారు, 2022లో దాన్ని 2025-26కి ముందుకు జరిపారు. 2022 జూన్‌కల్లా 10 శాతం అయింది, 2023 ఫిబ్రవరిలో 20 శాతం పెట్రోలు బంకుల్లోకి దిగింది, 2025కి దాదాపు దేశమంతా అదే. అంటే 10 నుంచి 20కి మూడేళ్లలో వచ్చేశాం. కానీ మన ఇంట్లో ఉన్న మిషన్ల వయసు? పదేళ్లు, పదిహేనేళ్లు. ఈ తేడాలోంచే వస్తున్నాయి మన తిప్పలన్నీ.

నేను ఇథనాల్‌కు వ్యతిరేకిని కాను, అది స్పష్టంగా చెబుతున్నా. చెరకు, మొక్కజొన్న, నూకల నుంచి తీసేది అది. బయటి దేశం నుంచి కొనే ముడిచమురు ఆ మేరకు తగ్గుతుంది, ఆ డబ్బు ఇక్కడి రైతుకు పోతుంది, మంచిదే. మన జిల్లాలో చెరకు వేసి, సహకార చక్కెర ఫ్యాక్టరీలు మూతపడ్డాక బకాయిల కోసం తిరిగిన రైతులకు ఆ విలువ నేను చెప్పక్కర్లేదు. కానీ రైతు పేరు చెప్పి తెచ్చిన పెట్రోలు అదే రైతు స్ప్రేయర్‌ను పాడు చేస్తుంటే, ఎట్లా కాపాడుకోవాలో అతనికి ఎవరో ఒకరు చెప్పాలి కదా. బంకులో చెప్పరు, మిషను అమ్మినవాడూ చెప్పడు.

సరే, ఇది చూడండి. (గాజు గొట్టం పైకెత్తి) ఇది ల్యాబులో వాడే కొలత గొట్టం, 100 మిల్లీలీటర్లది. ఇందులో 20 గీత దాకా నీళ్లు పోశాను, మీకు కనపడాలని రెండు చుక్కలు నీలం సిరా వేశాను. ఇప్పుడు దీని మీద, పొద్దున బంకులో పట్టిన పెట్రోలు, 100 గీత దాకా పోస్తున్నా. అంటే 80 మిల్లీలీటర్ల పెట్రోలు. ఎవరూ బీడీ వెలిగించకండి దయచేసి, ఫోన్లు కూడా కాస్త దూరంగా. మూత పెట్టి ఊపుతున్నా... మధ్యమధ్యలో మూత వదులు చేసి ఆవిరి వదలాలి... ఇప్పుడు నిలబెడదాం. రెండు నిమిషాలు.

పెట్రోలూ నీళ్లూ కలవవని మనందరికీ తెలుసు. కాబట్టి మామూలుగా అయితే నీలం నీళ్లు మళ్లీ 20 గీత దగ్గరే ఆగాలి. ముందు వరసలోవాళ్లు, గీత ఎక్కడుందో చదవండి గట్టిగా. (ముందు వరస నుంచి: "35 దాటింది సార్") 35 దాటింది. ఎక్కువైన ఆ పదిహేను, పదహారు మిల్లీలీటర్లూ నీళ్లు కావు, అది ఇథనాల్. పెట్రోల్లో ఉన్నది ఉన్నట్టు పెట్రోల్ని వదిలేసి నీళ్లలోకి దిగిపోయింది. 80లో 16 అంటే 20 శాతం, లెక్క సరిపోయిందా?

ఇప్పుడు మీ మిషను ట్యాంకు గురించి ఆలోచించండి. ఇథనాల్‌కు నీళ్లంటే ప్రాణం. పాత పెట్రోల్లో నీళ్లు పడితే అడుగున ముత్యంలా కూర్చునేవి, ట్యాప్ విప్పి వంచితే పోయేవి. ఇందులో అట్లా కాదు. కొంచెం నీళ్లు పడితే పెట్రోల్లోనే కరిగిపోతాయి, ఏమీ తెలియదు, బండి నడుస్తూనే ఉంటుంది. ఆ హద్దు దాటిన రోజు మాత్రం ఇథనాల్, నీళ్లు రెండూ కలిసి ఒక్కసారిగా అడుక్కి దిగిపోతాయి. హద్దు చలికి తగ్గుతుంది కూడా, అంటే సాయంత్రం బాగున్న పెట్రోలు పలమనేరు వైపు డిసెంబరు తెల్లవారుజామున విడిపోయి ఉండొచ్చు. ట్యాంకు నుంచి పెట్రోలు లాగే పైపు ఎక్కడుంటుంది? అడుగునే. కాబట్టి కార్బొరేటర్‌లోకి ముందు వెళ్లేది ఆ నీళ్ల సరుకే. ఇక కిక్కు కొట్టి కొట్టి కాలు నొప్పి పుట్టాల్సిందే, స్టార్ట్ కాదు.

నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి అని అడుగుతారు. గాలిలో తేమ నుంచి కూడా వస్తాయి గానీ అది మెల్లగా జరిగే పని. అసలు దారి వాన. మన దగ్గర అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, తుపాన్లు, 2021 నవంబరులో తిరుపతిలో వీధులే ఏర్లయ్యాయి కదా. ఆరుబయట నిలబెట్టిన బండికి ట్యాంకు మూత చుట్టూ ఉండే గాడిలో నీళ్లు నిలుస్తాయి, అవి బయటికి పోవడానికి ఒక సన్న రంధ్రం ఉంటుంది, దాన్లో మట్టి పేరుకుంటే ఆ నీళ్లు మూత రబ్బరు దాటి లోపలికి దిగుతాయి. మెకానిక్ తమ్ముళ్లు సర్వీసుకు వచ్చిన ప్రతి బండికీ ఆ రంధ్రంలో గాలి కొట్టండి, అర నిమిషం పని. అట్లాగే పెద్ద వాన పడి వీధుల్లో నీళ్లు నిలిచిన రోజుల్లో, నీళ్లు చేరిన బంకులో ఫుల్ ట్యాంకు పట్టకండి, రెండు రోజులు ఆగండి.

ఇక టూ స్ట్రోక్ మిషన్ల సంగతి. ఇది జాగ్రత్తగా వినండి, ఎందుకంటే ఇక్కడ జరిగే నష్టం కార్బొరేటర్ కడిగితే పోయేది కాదు, మొత్తం సిలిండరే పోతుంది. గడ్డి కోసే మిషన్లలో, రంపం మిషన్లలో చాలావాటికి మనం పెట్రోల్లోనే 2టీ ఆయిల్, అంటే టూ స్ట్రోక్ ఆయిల్, కలుపుతాం, మిషన్ని బట్టి లీటరుకు 20 మిల్లీలీటర్లో 40 మిల్లీలీటర్లో. ఆ ఆయిలే పిస్టన్‌ను, బేరింగ్‌ను కాపాడేది, వేరే ఆయిల్ ఏదీ లేదు అందులో. ఇప్పుడు ట్యాంకులో ఇథనాల్, నీళ్లు విడిపోయి అడుక్కి దిగాయనుకోండి, ఆయిల్ ఎటు పోతుంది? పైన ఉన్న పెట్రోల్‌తో ఉండిపోతుంది. కింద ఉన్న సరుకులో ఆయిల్ దాదాపు ఉండదు. ఎట్లాగో స్టార్ట్ అయ్యి ఆ సరుకుతో కాసేపు నడిచినా చాలు, పిస్టన్ పట్టేస్తుంది. "ఆయిల్ సరిగ్గానే కలిపాను సార్, అయినా సీజ్ అయింది" అని రైతు అంటే, మనం ఏమంటాం? "నువ్వు తక్కువ కలిపి ఉంటావులే" అంటాం. ఆ మాట అనేముందు ట్యాంకులో మిగిలింది ఒక గాజు సీసాలోకి ఒంపి, పది నిమిషాలు కదపకుండా పెట్టి, మధ్యలో గీత ఉందేమో చూడండి. రైతు మీద ఊరికే నింద వెయ్యకండి.

అందుకే ఈ మిషన్లు చేసే పెద్ద కంపెనీల పుస్తకాలు చదవండి ఒకసారి. స్టిల్ గానీ, హోండా జీఎక్స్ ఇంజన్లు గానీ, బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ గానీ, బయటి దేశాల్లో వాళ్ల పుస్తకాల్లో రాసుకున్న హద్దు 10 శాతం ఇథనాల్. అమెరికాలో 15 శాతం పెట్రోలు అమ్మే పంపు మీద స్టిక్కరు ఉంటుంది, 2001, ఆ తర్వాతి మోడల్ కార్లకు మాత్రమే అని. మోటార్ సైకిళ్లకు, చిన్న ఇంజన్లకు, పడవ ఇంజన్లకు పొయ్యడం అక్కడ చట్టప్రకారం నిషేధం. మన దగ్గర అదే తరహా ఇంజన్‌లో 20 శాతం పోస్తున్నాం, వేరే దారి లేక.

ఎందుకు ఆ హద్దు? పెట్రోలు ఒక కిలో పూర్తిగా కాలాలంటే 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాల్‌కు 9 కిలోలు చాలు, ఎందుకంటే దాని బరువులో మూడో వంతుకు పైగా ఆక్సిజనే. కార్బొరేటర్‌కు ఈ సంగతి తెలియదు కదా, జెట్టు, అంటే ఇంధనం వచ్చే సన్న రంధ్రం, పెట్రోలుకు తగ్గట్టు కంపెనీలో పెట్టింది, అది పంపినంతే పంపుతుంది. అప్పుడు లోపల గాలి ఎక్కువ, ఇంధనం తక్కువ అవుతుంది. మనం లీన్ అంటామే, అది. కొత్త బండ్లలో, 2020 ఏప్రిల్ తర్వాత బీఎస్ 6 అనే పొగ నిబంధన వచ్చాక దాదాపు అన్నీ ఇంజెక్షన్ బండ్లే, సైలెన్సర్ దగ్గర సెన్సారు ఉంటుంది, అది ఆక్సిజన్ చూసి ఇంధనం కొంచెం పెంచుతుంది. పాతవాటికి ఆ అదృష్టం లేదు.

లీన్ అయితే ఇంజన్ వేడెక్కుతుంది. చల్లగా ఉన్నప్పుడు చోక్ లేకుండా లేవదు, యాక్సిలరేటర్ వదిలితే సైలెన్సర్‌లో టపటపమంటుంది, తిరుమల ఘాట్ లాంటి ఎక్కుడు రోడ్డులో ఇద్దరు కూర్చుని వెళితే మధ్యలో గుంజుతుంది. ఇవన్నీ కన్నా నమ్మకమైన సాక్షి ప్లగ్గు. ఇదిగో, రెండు తెచ్చాను, చేతులు మార్చుకుంటూ చూడండి. దీని మొన దగ్గర పింగాణీ లేత గోధుమ రంగులో ఉంది, కాఫీ పొడి రాలినట్టు, ఇది ఆరోగ్యంగా ఉన్న ఇంజన్. రెండోది చూడండి, పింగాణీ తెల్లగా సున్నం కొట్టినట్టు ఉంది, అంచుల్లో చిన్న చిన్న బొబ్బలు కూడా ఉన్నాయి. ఇది లీన్‌గా నడిచి నడిచి కాగిపోయిన ఇంజన్‌ది, ఒక బ్రష్ కట్టర్‌ది. ఇట్లా కనపడితే మెయిన్ జెట్ ఒక సైజు పెంచండి, లేదంటే స్లైడ్ సూది క్లిప్పు ఒక గాడి కిందికి దించండి, సూది పైకి లేస్తుంది. హెచ్, ఎల్ అని రెండు స్క్రూలుండే మిషన్లలో బయటికి ఎనిమిదో వంతు, పావు చుట్టు తిప్పితే చాలా వరకు సర్దుకుంటుంది. పావు చుట్టు కంటే ఎక్కువ తిప్పాల్సి వస్తోందంటే తప్పు పెట్రోల్‌ది కాదు, ఎక్కడో గాలి లీకవుతోంది, క్రాంక్ సీలో, ఇన్సులేటరో, అది వెతకండి.

రంపం మిషన్లు వాడేవాళ్లకు ఇంకొక ప్రమాదం ఉంది. ఇథనాల్ ఎక్కువైతే ఐడిలింగ్, అంటే యాక్సిలరేటర్ వదిలినప్పుడు ఇంజన్ తిరిగే వేగం, పెరుగుతుంది. అమెరికా ప్రభుత్వ ప్రయోగశాలలు 2009లో ఇచ్చిన నివేదికలో కొన్ని చిన్న మిషన్లకు ఇదే జరిగిందని ఉంది, ఐడిలింగ్ పెరిగి క్లచ్ తనంతట తనే పట్టుకుంది. అర్థమవుతోందా? మీరు యాక్సిలరేటర్ వదిలేశారు, గొలుసు ఆగిందనుకుని కొమ్మ పక్కకు లాగుతున్నారు, గొలుసు మాత్రం తిరుగుతూనే ఉంది. కూలికి వచ్చిన కుర్రాడి చేతిలో ఇస్తాం మనం ఆ మిషను. కాబట్టి పని మొదలుపెట్టే ముందు, స్టార్ట్ చేసి, యాక్సిలరేటర్ వదిలి, గొలుసు గానీ బ్లేడు గానీ పూర్తిగా ఆగిందా లేదా చూసిన తర్వాతే చెట్టు దగ్గరికి పోవాలి. ఆగకపోతే ఐడిలింగ్ స్క్రూ తగ్గించండి, తగ్గించినా ఆగకపోతే ఆరోజు ఆ మిషను పనికి వద్దు.

రబ్బర్ల గురించి త్వరగా చెప్పేస్తా. పాత నైట్రైల్ ఓ-రింగులు, అంటే కారకుండా వేసే గుండ్రటి రబ్బర్లు, ఈ పెట్రోల్లో నానితే ఉబ్బుతాయి, ఎండితే ముడుచుకుంటాయి, నాని ఎండి నాని ఎండి చివరకు కారడం మొదలవుతుంది. తెల్లటి ప్లాస్టిక్ పైపులు పసుపు పచ్చగా మారి కర్రలా బిగుసుకుని చివర్లో చీలుతాయి. పంపు కొట్టే చిన్న బుడ్డి, డయాఫ్రమ్ అనే పలుచటి రబ్బరు పొర, వీటిదీ అదే కథ. మార్చేటప్పుడు వైటాన్ రకం రబ్బరు అడగండి, కొంచెం రేటు ఎక్కువే, కానీ మళ్లీ విప్పే పని ఉండదు. పెట్రోలు కారడం అంటే ఊరికే నష్టం కాదు, వేడి సైలెన్సర్ పక్కనే ఉంటుంది ఆ పైపు. దీన్ని వాయిదా వెయ్యకండి.

ఇంకొకటి, చాలామంది కంగారు పడేది. పాత బండిలో మొదటిసారి ఈ పెట్రోలు పోసినప్పుడు ఏళ్ల తరబడి ట్యాంకు గోడలకు అంటుకున్న జిగురు, తుప్పు అంతా ఊడి వచ్చి ఫిల్టర్‌కు అడ్డం పడుతుంది. అది ఒకటి రెండు ట్యాంకుల వ్యవహారం. ఫిల్టర్ మార్చేస్తే పోతుంది.

ఇప్పుడు అసలు విషయం, నిల్వ.

మామిడి తోటలున్నవాళ్లు ఎంతమంది? చెయ్యెత్తండి. చాలామందే ఉన్నారు. మీ స్ప్రేయర్ ఎప్పుడు పనిచేస్తుంది? డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా, పూత మీద తేనెమంచు పురుగుకు కొట్టేటప్పుడు. ఆ తర్వాత పిందె దశలో ఒకటి రెండు సార్లు. ఇక తోతాపురి కాయ కోసి మండీకి తోలి, రేటు గొడవలన్నీ అయిపోయి, మళ్లీ పూత వచ్చేదాకా అది పంపు షెడ్డులోనే. కార్బొరేటర్ కింద గిన్నెలో మూడు నాలుగు చెంచాల పెట్రోలు మిగిలి ఉంటుంది. దాన్లోంచి తేలికైనదంతా ఆవిరైపోతుంది, మిగిలింది జిగురవుతుంది, ఇథనాల్ లాక్కున్న తేమ లోహాన్ని తినడం మొదలుపెడుతుంది. డిసెంబరులో విప్పి చూస్తే గిన్నె అడుగున తెల్లటి పొడి, ఇత్తడి జెట్టు మీద పచ్చటి చిలుము. పైలట్ జెట్టు రంధ్రం అర మిల్లీమీటరు కూడా ఉండదు, దాన్ని మూసెయ్యడానికి ఎంత కావాలి చెప్పండి? అప్పుడు మనం గుండుసూది పెట్టి పొడుస్తాం. పొడవకండి! ఇత్తడి మెత్తన, రంధ్రం పెద్దదైపోతుంది, ఆ జెట్టు ఇక ఎప్పటికీ సరైన కొలత ఇవ్వదు. క్లీనర్ కొట్టి నానబెట్టి గాలి కొట్టండి, పోకపోతే జెట్టు మార్చండి.

ఇదంతా రాకుండా చెయ్యడానికి పట్టే సమయం పది నిమిషాలు. సీజను అయిపోయిన రోజు, పని ముగించి మందు ట్యాంకు కడుగుతాం కదా, అప్పుడే పెట్రోలు ట్యాంకు కూడా ఖాళీ చేసి ఆ పెట్రోలు మీ మోటార్ సైకిల్లో పోసేయండి, అయితే ఆయిల్ కలపనిది మాత్రమే. తర్వాత ఇంజన్ స్టార్ట్ చేసి అది తనంతట తానే ఆగిపోయేదాకా వదిలేయండి. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. కానీ గిన్నె అడుగున ఇంకా కొంచెం ఉంటుంది, గిన్నె కింద డ్రెయిన్ స్క్రూ ఉంటే అది వదులు చేసి ఆ కొంచెం కూడా దించేయాలి. డయాఫ్రమ్ రకం కార్బొరేటర్ ఉన్న చిన్న మిషన్లలో గిన్నె ఉండదు, అక్కడ ఆగిపోయాక చోక్ వేసి మళ్లీ స్టార్ట్ చేసి రెండోసారి కూడా ఆగనివ్వాలి. ఇనుప ట్యాంకు అయితే లోపల తుప్పు పట్టకుండా కొంచెం ఇంజన్ ఆయిల్ వేసి చుట్టూ తిప్పి ఉంచండి, సీజన్లో మళ్లీ ఒంపేసి, కాస్త పెట్రోల్‌తో కడిగి వాడుకోండి.

జనరేటరు వాడేవాళ్ల సంగతి వేరు, అది ఎప్పుడు కావాల్సి వస్తుందో తెలియదు కాబట్టి ఖాళీ చేసి పెట్టలేరు. వాళ్లు నెలకొకసారి పావుగంట లోడు పెట్టి నడపండి, ట్యాంకు నిండుగా ఉంచండి. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో గాలి ఎక్కువ, తేమ ఎక్కువ.

క్యానులో పెట్రోలు దాచుకునే అలవాటు చాలామందికి ఉంది. నెలకు మించి దాచకండి, ఆయిల్ కలిపినదైతే ఇంకా ముందే వాడెయ్యండి. ఎంత కావాలో అంతే కలుపుకోండి. తెచ్చిన తేదీ క్యాను మీద పెన్నుతో రాసి పెట్టుకోండి. నీళ్ల సీసాల్లో మాత్రం వద్దు, అది ప్రమాదం, బంకువాళ్లు పోయకపోతే వాళ్లతో గొడవ పెట్టుకోకండి, వాళ్లు చేసేదే సరైన పని.

మైలేజ్ విషయం. లీటరు పెట్రోల్లో ఉండే శక్తి సుమారు 32 మెగాజౌళ్లు, ఇథనాల్లో 21. మూడో వంతు తక్కువ. ఐదో వంతు ఇథనాల్ కలిపితే మొత్తం మీద శక్తి ఆరేడు శాతం తగ్గుతుంది, ఇది ఎవరూ కాదనలేని లెక్క. 2021లో నీతి ఆయోగ్ వేసిన రోడ్‌మ్యాప్‌లో కూడా పాత కార్లకు 6 నుంచి 7 శాతం, పాత టూ వీలర్లకు 3 నుంచి 4 శాతం మైలేజ్ పడిపోవచ్చని రాశారు. అంటే 60 ఇచ్చే బండి 56, 58 ఇవ్వొచ్చు. 45 ఇస్తోందంటే పెట్రోల్ని తిట్టుకుంటూ కూర్చోకండి, బ్రేకు పట్టుకుందా, ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయిందా, జెట్టు అరిగిందా చూపించుకోండి.

నరహరిపేట దాటి తమిళనాడు బంకులో, లేదా నంగిలి దగ్గర కర్ణాటక బంకులో పట్టించేవాళ్లున్నారు మనలో, రేటు తక్కువని. పట్టించుకోండి, తప్పు లేదు. కానీ అక్కడ ఇథనాల్ ఉండదనే భ్రమ వద్దు, అక్కడా ఇదే పెట్రోలు.

బ్రెజిల్ సంగతి కూడా చాలామంది ఎత్తుతారు, అక్కడ 27 శాతం పోసుకుని నడిపారు, 2025లో 30కి పెంచారు, వాళ్లకు లేని బాధ మనకెందుకు అని. నిజమే. కానీ అక్కడ దశాబ్దాలుగా ఇథనాల్‌కు తగ్గట్టు బండ్లు తయారు చేశారు, 2003 నుంచి ఎంత ఇథనాల్ పోసినా నడిచే ఫ్లెక్స్ కార్లు అమ్ముతున్నారు. బ్రిటన్‌లో 2021 సెప్టెంబరులో 10 శాతానికి వెళ్లినప్పుడు పాత బండ్ల కోసం 5 శాతం రకాన్ని సూపర్ గ్రేడులో అట్టే ఉంచారు. నేను అడిగేది ఇదే. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఇథనాల్ లేని పెట్రోలు కూడా ఇవ్వాలన్న పిటిషన్‌ను కొట్టేసింది, కోర్టు తీర్పును గౌరవిస్తా. అయినా పంపు మీద ఎంత శాతమో పెద్ద అక్షరాల్లో, తెలుగులో రాయడానికి, ఏ మిషన్లకు జాగ్రత్త కావాలో రెండు ముక్కలు రాయడానికి, మండలానికి ఒక్క బంకులోనైనా 10 శాతం రకం ఉంచడానికి అడ్డమేముంది? కొత్త బండి కొనుక్కోగలిగినవాడికి ఈ మార్పు పెద్ద విషయం కాదు. సెకండ్ హ్యాండ్ స్ప్రేయర్ కొని కూలికి మందు కొట్టి బతికేవాడికి ఒక సిలిండర్ కిట్ అంటే వారం కూలి. అతని తరఫున మనం అడగకపోతే ఎవరు అడుగుతారు?

ఇక మీరు అడగండి.

(ఒక రైతు: "ఇప్పుడు మీరు నీళ్లు పోసి ఇథనాల్ తీసేశారు కదా సార్, మేము కూడా ఇంట్లో అట్లే కడుక్కుని వాడుకోవచ్చా?")

వద్దన్నా. ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. ఇథనాల్ పోతే దానితోపాటు ఆక్టేన్, అంటే ఇంజన్ కొట్టకుండా ఆపే గుణం, కూడా తగ్గుతుంది, మిగిలిన పెట్రోలు నాసిరకం అవుతుంది, ఇంజన్ కొడుతుంది. పైగా అందులో తేమ మిగులుతుంది, ఆ కింద మిగిలిన ఇథనాల్ నీళ్లు ఎక్కడ పారబోస్తావు? మంటకు అంటుకునే సరుకు అది. ఇంట్లో, పిల్లల మధ్య, లీటర్ల లెక్కన పెట్రోలు ఊపుతూ కూర్చోవడం ఎంత ప్రమాదమో ఆలోచించు. ఇది పరీక్షకు, 80 మిల్లీలీటర్లకు, ఆరుబయట. అంతవరకే.

(ఒక మెకానిక్: "షాపుల్లో ఇథనాల్ మందు అని చిన్న సీసాలు అమ్ముతున్నారు. అది పోస్తే సరిపోతుందా అన్నా?")

పెట్రోలు త్వరగా పాతబడకుండా ఆపే మందులు ఉన్నాయి తమ్ముడూ, అవి కొత్త పెట్రోల్లో ముందే పోస్తే కొంత ఉపయోగం. కానీ ఒకసారి విడిపోయిన పెట్రోల్ని మళ్లీ కలిపే మందు లేదు, ఎవరు ఏమి చెప్పి అమ్మినా నమ్మొద్దు. విడిపోయినదాన్ని తీసి పారేయడమే. నీ కస్టమర్‌కు సీసా అమ్మే బదులు పైపు మార్చుకోమని చెప్పు.

(ఇంకొకరు: "యమహా ఆర్ఎక్స్ 100 బండి ఉంది సార్, నాన్నది. ఏం చెయ్యమంటారు?")

1985 నుంచి 1996 దాకా వచ్చిన బండి, ఇప్పటికీ ఉంచుకున్నావంటే సంతోషం. దానికి 2టీ ఆయిల్ వేరే ట్యాంకు నుంచి పంపు ద్వారా వస్తుంది కాబట్టి నేను చెప్పిన ఆయిల్ విడిపోయే భయం తక్కువ. పంపు సరిగ్గా పనిచేస్తోందా చూపించు. క్రాంక్ సీళ్లు, కార్బొరేటర్ కిట్టు, పెట్రోల్ ట్యాప్‌లో రబ్బరు కొత్తవి వేయించు. ప్లగ్గు చూసి మెయిన్ జెట్ ఒక సైజు పెంచించు. ట్యాంకు లోపల టార్చి వేసి చూడు, తుప్పు ఉంటే ముందు దాని సంగతి తేల్చు. వారానికి రెండుసార్లైనా నడుపు.

(వెనక నుంచి: "ఈ పెట్రోలు పోస్తే ఇన్సూరెన్స్ రాదంట కదా?")

అది ఫోన్‌లో తిరిగిన మాట. 2025 ఆగస్టులో కేంద్ర పెట్రోలియం శాఖ అది నిజం కాదని ప్రకటన ఇచ్చింది. వారంటీలో ఉన్న మిషను అయితే మాత్రం దాని పుస్తకం చూడాలి, అందులో ఎంత శాతం దాకా అని రాసి ఉంటుంది. కొత్తది కొనేటప్పుడు 20 శాతానికి తగినదని బిల్లు మీద రాయించుకోండి, నోటిమాట వద్దు.

సరే, మిషన్లు, కార్బొరేటర్లు తెచ్చినవాళ్లు ఆ రెండు బల్లల దగ్గరికి రండి. ఎడమ బల్ల మీద గిన్నె రకం, కుడి బల్ల మీద డయాఫ్రమ్ రకం. ఎవరిది వాళ్లే విప్పాలి, నేను పక్కన నిలబడి చెబుతా. ముందు పెట్రోలు ఆ డబ్బాలోకి ఒంపేసి రండి, బల్ల మీద ఒంపొద్దు.